కాగితపూల గేటు

పక్కింటి గేటును బయటపెట్టింది నేనే. ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు, నా చేతులే ఊరుకోలేదు. తెలిసి ముట్టుకున్నా తెలియక ముట్టుకున్నా నిప్పు కాలుతుందంటారు. కాలింది. కాకపోతే కాలింది నా చెయ్యి కాదు, అదే నా ఏడుపు.

నేను బట్టలు కుడతాను. వీధి వైపు గదిలోనే నా మిషను, దాని పక్కనే కిటికీ. నా కంటికి లోకంలో ఉన్నవి రెండే రకాలు: అంచు మడిచి కుట్టినవి, కుట్టనివి. మా ఆయన ఎలక్ట్రీషియను. ఆయన చొక్కా గుండీ వేలాడుతూ కనిపిస్తే చొక్కా విప్పే దాకా కూడా ఆగను, ఒంటి మీదే కుట్టేస్తాను. "సూది నా పొట్టలో దిగుతుందే తల్లీ" అని ఆయన మొత్తుకుంటూనే ఉంటాడు. అలాంటి దాని కిటికీకి ఎదురుగా పక్కింటి తోట వచ్చి పడింది.

తోట అనడం మర్యాద కోసం. మోకాళ్ళ ఎత్తు గడ్డి, అందులో ఎవరూ నాటని టమాటా మొక్కలు, గోడెక్కి కూర్చున్న గుమ్మడి తీగ, మూడు కాళ్ళ కుర్చీ ఒకటి, పాత బస్సు టైరు ఒకటి. వీటన్నిటికీ పెద్దదిక్కు కాగితపూల చెట్టు. ముందు గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా ముళ్ళూ పూలూ కలగలిపి ఎంత దట్టంగా అల్లుకుందంటే, మేము అద్దెకు దిగిన ఆరు నెలల వరకూ ఆ ఇంటికి గేటు ఉందన్న సంగతే నాకు తెలియదు. ఆ ఇంటాయన వంటింటి తలుపులోంచి వెనక సందులోకి దిగి, కూరల సంచీతో పక్కకు తిరిగి నడుస్తూ వీధిలోకి వచ్చేవాడు. ఎంత బద్ధకం అయితే మనిషి సొంత గేటు వదిలేసి సందుల్లో పడి నడుస్తాడని నేను ముక్కున వేలేసుకునేదాన్ని.

అయితే మనిషి మాత్రం బంగారం. ముప్పై ఏళ్ళు బస్సు నడిపి రిటైరయ్యాడు. వీధంతా ఆయన్ని డ్రైవరనే పిలుస్తారు, నేను డ్రైవరన్నయ్య అనేదాన్ని. "మీ గుమ్మడి తీగ మా నీళ్ళ ట్యాంకు మీదికి వచ్చింది" అని దెబ్బలాడటానికి వెళితే "పిందె పడిందేమో చూశావా చెల్లెమ్మా? పడితే అది నీదే" అనేవాడు. నోరు చేసుకుందామని వెళ్ళి ఒళ్ళో టమాటాలు పోసుకుని తిరిగొచ్చేదాన్ని. మా ఆయన పడీ పడీ నవ్వేవాడు.

ఆయన భార్య అదే బస్సులో కండక్టరు. పెళ్ళికి ముందు నాలుగేళ్ళు, పెళ్ళయ్యాక ఇరవై ఆరేళ్ళు ఆమె రైట్ అంటే ఆయన కదిలించాడు, ఆమె హోల్డాన్ అంటే ఆపాడు. నేను ఎరిగే నాటికే కండక్టరు వదిన మతిమరుపు చాలా దూరం వెళ్ళిపోయింది. నిన్న మొన్నటివి ముందు పోయాయి, తర్వాత ఇల్లు పోయింది, ఆ తర్వాత మొగుడూ పోయాడు. ఉద్యోగం మాత్రం పోలేదు. ఎవరు కనపడినా "ఎక్కడికమ్మా?" అని అడిగేది. నేను నోటికొచ్చిన ఊరు చెప్పేదాన్ని. ఒక కాగితపూవు కోసి, రెక్క మీద బొటనవేలి గోటితో చిన్న గాటు పెట్టి నా చేతికిచ్చి, "జాగ్రత్తగా పెట్టుకోండి, చెకింగ్ ఎక్కుతారు" అనేది. నా సూదుల డబ్బా నిండా ఎండిన టిక్కెట్లే ఉండేవి.

ఇక్కడే ఒక సంగతి చెప్పాలి. అప్పుడు నాకు తెలియదు, మీకైనా ముందే తెలియడం మంచిది. మేము ఆ వీధికి రాకముందు వదిన రోజూ తెల్లవారుజామున లేచి డ్యూటీకి బయలుదేరేది. రెండుసార్లు తప్పిపోయింది. అన్నయ్య గేటుకు తాళం వేశాడు. ఆమె ఆ ఊచలు పట్టుకుని, బండి టైమైపోతోందని పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా ఏడ్చేది. వారం రోజులు చూసి ఆయన తాళం తీసి పారేశాడు. గోడ మూల పడి ఉన్న కాగితపూల కొమ్మల్ని తీగలు కట్టి గేటు మీదికి లాగాడు. వంటింటి తలుపుకు గోడ రంగే వేసి, పిడి ఊడదీసి, దాని మీద తన పాత ఖాకీ కోటు తగిలించాడు. ఏడాది తిరిగేసరికి గేటు మాయమైంది. గేటు కనపడకపోతే వదిన అడగలేదు, ఏడవలేదు. తాళం అన్నది లేని ఇంట్లో, పూల మధ్య, హాయిగా టిక్కెట్లు కొడుతూ తిరిగింది. నేను చెత్త అనుకున్నది ఆ మనిషి ఆమె కోసం కట్టుకున్న గోడ.

ఈ మాట ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే ఆమె ఎదుటే చెప్పాలి. నేను ఎప్పుడు కదిపినా "పెరగనీ చెల్లెమ్మా, దాని దారిన అది పెరుగుతోంది" అని నవ్వేసేవాడు.

ఆ వేసవిలో నా ఓపిక చచ్చిపోయింది. బడి పిల్లల తెల్ల చొక్కాలు పన్నెండు కుట్టి, ఇస్త్రీ చేసి కిటికీ దగ్గర పెడితే, తీగ మీద నుంచి గొంగళిపురుగు ఒకటి దిగి మూడింటి మీద పచ్చటి గీత గీసుకుంటూ పోయింది. ఆ వారమే పురపాలక సంఘం మనిషి వచ్చి, మొక్కలు వీధిలోకి వచ్చాయని, దోమలని, ఎలుకలని, పది రోజుల్లో శుభ్రం చేయాలని అన్నయ్య చేతిలో కాగితం పెట్టి వెళ్ళాడు. అన్నయ్య దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. ఆ మొహం చూసి నాకు జాలేసింది. ఒంటరి మనిషి, భార్యకు అన్నం తినిపిస్తాడా, గడ్డి కోస్తాడా?

"మనమే చేసిపెడదాం" అన్నాను మా ఆయనతో.

"పక్కవాళ్ళ పెరడు నీకెందుకే? అడిగాడా ఆయన?"

"అడిగితే చేసేది కూలి. అడక్కుండా చేస్తే సాయం."

నా నోటికి ఆ రోజు ఎంత తెలివి ఉందో చూడండి.

నాలుగు రోజుల తర్వాత అన్నయ్య దవడ వాచి వచ్చాడు. పన్ను పీకించుకోవాలి, పూట పడుతుంది. "కాసేపు ఆవిడ దగ్గర కూర్చుంటావా చెల్లెమ్మా? ఏం చెయ్యక్కర్లేదు, కూర్చుంటే చాలు" అన్నాడు. ఏం చెయ్యక్కర్లేదన్న మాట నా చెవిలో పడితే కదా! ఆయన సందు మలుపు తిరిగాడో లేదో, పార్కు తోటమాలి దగ్గర ముందే అడిగి తెచ్చి ఉంచిన పెద్ద కత్తెర, కొడవలి పట్టుకుని దిగాను.

నిజం చెప్పొద్దూ, ఆ పూట నాకు భలే సంతోషంగా గడిచింది. వదిన కూడా నాతో సమానంగా పని చేసింది. నేను కొమ్మ కోసి పడేస్తే ఆమె ఈడ్చుకుంటూ వెళ్ళి మూలన పేర్చి, "లోపలికి జరగండి, లోపలికి జరగండి, వెనకంతా ఖాళీయే కదా" అని కొమ్మల్ని గద్దించింది. ముళ్ళు గీసుకుని నా మోచేతులు ఎర్రబడ్డాయి. పదకొండు గంటలకు ఇనుము తగిలింది. ఇంకో అరగంటకు నీలం గేటు మొత్తం బయటికొచ్చింది. చెట్టును మోకాలి ఎత్తుకు కోసేశాను.

వదిన చేతిలో కొమ్మ జారవిడిచి గేటు దగ్గరికి నడిచింది. గడియ మీద అరచెయ్యి ఆనించింది. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచీ చూడని వెలుగు ఆమె మొహంలో వచ్చింది.

"వచ్చేసింది" అంది.

వెలుతురు వచ్చిందంటోంది అనుకున్నాను. "చూశావా వదినా, నీ ఇల్లు ఎంత బాగుందో!" అని ఆమె భుజం చుట్టూ చెయ్యి వేశాను.

అన్నయ్య నోట్లో దూది కుక్కుకుని వచ్చాడు. వంటింట్లోంచి ముందు గదిలోకి, అక్కడి నుంచి మెట్ల మీదికి వచ్చి ఆగిపోయాడు. గేటును చూశాడు. గేటు పట్టుకుని నిలబడ్డ ఆమెను చూశాడు. తర్వాత నన్ను, నా మోచేతుల మీద గీతల్ని చూశాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగితే పన్ను నొప్పి అనుకున్నాను, కొంచెం నా మీద అభిమానమేమో అని కూడా అనుకున్నాను. సిగ్గులేకుండా చెప్తున్నాను.

"బాగా చేశావు చెల్లెమ్మా" అన్నాడు దూదిలోంచి. తాళం తిప్పినట్టు చేత్తో చూపిస్తూ, "మీ ఆయన దగ్గర తాళం ఉంటుందా?" అన్నాడు.

"ఎందుకు, దొంగలొస్తారనా? ఏముందన్నయ్యా ఎత్తుకుపోవడానికి, ఆ టైరా?" అని నవ్వాను. "ఆయన పనిలోంచి వచ్చాక వెతికి రేపు పొద్దున్నే ఇస్తాలే."

సాయంత్రం కిటికీలోంచి చూస్తే ఆయన గేటుకు తాడు కడుతున్నాడు. ముడి మీద ముడి, ముడి మీద ముడి. మా ఆయనకు చూపించి మళ్ళీ నవ్వాను. బస్సు మీద సామాను కట్టి విప్పిన చేతులు వదినవి. ఆమెకు ముడులొక లెక్కా?

తెల్లవారి ఇంకా పాలు రాకముందే మా తలుపు దబదబా బాదాడు. "మీ వదిన వెళ్ళిపోయింది" అన్నాడు. గేటు బార్లా తీసి ఉంది. తాడు చక్కగా చుట్ట చుట్టి గోడ మీద పెట్టి ఉంది.

ఐదు గంటలు వెతికాము. మా ఆయన బండి మీద ఒక దిక్కు, అన్నయ్య కాలినడకన ఒక దిక్కు, నేను బస్టాపులన్నీ. పదిన్నరకు దొరికింది. పాత డిపో ఉన్నచోట ఇప్పుడు టైల్సు గోడౌను ఉంది, దాని షట్టరు ముందు కూర్చుని ఉంది. చెప్పులు లేవు, అరికాళ్ళు చితికి నెత్తురు కారుతోంది. పెద్ద రోడ్డు దాటేటప్పుడు ఏదో బండి రాసుకుపోయిందట, మోచెయ్యి దగ్గర చర్మం లేచిపోయింది. గోడౌను వాచ్‌మన్ నీళ్ళిస్తే తాగకుండా గ్లాసు పట్టుకుని కూర్చుంది. అన్నయ్య వెళ్ళి ఎదురుగా నేల మీద కూలబడితే, ఆయనకే ఫిర్యాదు చేసింది.

"చూడండి సార్, ఎంతసేపైనా బండి రాలేదు. మా డ్రైవరెప్పుడూ ఇలా చెయ్యడు."

ఆ మధ్యాహ్నం ఆమె నిద్రపోయాక మెట్ల మీద కూర్చుని ఆయన నాకంతా చెప్పాడు. తాళం, ఏడుపు, తీగలు కట్టడం, గోడ రంగు. "నీకు ముందే చెప్పాల్సింది. ఆవిడ్ని మోసం చేస్తున్నాను కదా, చెప్పడానికి నోరు రాలేదమ్మా" అన్నాడు.

నేను చెట్టు మొదలు వైపు చూడలేకపోయాను. "తిట్టన్నయ్యా. నా మొహం మీద ఉమ్మెయ్యి. అలా ఊరుకోకు" అన్నాను ఏడుస్తూ.

"తిడితే తీగ పెరుగుతుందా చెల్లెమ్మా?" అన్నాడు.

సాయంత్రం మా ఇంటి తాళమే తెచ్చి ఆ గేటుకు వేశాము. చెవులు రెండు. ఒకటి ఆయన దగ్గర, ఒకటి నా మిషను పైన గోడ మేకుకు.

మర్నాటి నుంచి మొదలైంది. అన్నీ మరిచిపోయే మనిషి ఆ గేటును మాత్రం మరిచిపోలేదు. పొద్దున ఐదున్నరకు తల దువ్వుకుని వచ్చి ఊచలు పట్టుకునేది. అరవదు, తిట్టదు, ఎంతో మర్యాదగా అడిగేది. పాలవాణ్ణి అడిగేది, బడికెళ్ళే పిల్లల్ని అడిగేది. కిటికీలో నేను కనపడితే నన్ను అడిగేది.

"అమ్మా, ఈ తాళం కొంచెం తీస్తారా? నాకు డ్యూటీ ఉంది."

"చెవి నా దగ్గర లేదు వదినా" అనేదాన్ని. చెవి నా నెత్తి మీదే వేలాడుతూ ఉండేది.

"పర్లేదమ్మా. ఎవరైనా తెస్తే చెప్పండి. మా డ్రైవరు నేను రైట్ అంటేగానీ కదలడు. పిచ్చోడు, అలాగే నిలబడి ఉంటాడు."

ఆ పిచ్చోడు ఆమెకు రెండడుగుల వెనక, చేతిలో కాఫీ గ్లాసుతో అలాగే నిలబడి ఉండేవాడు.

మిషను అవతలి గోడకు జరుపుకుందామన్నాడు మా ఆయన. నేను ఒప్పుకోలేదు. చేసినదాన్ని చూడాలి కదా, చూశాను. రోజూ అబద్ధమాడాను.

నాకు తెలిసిన విద్య ఒకటే. నా దగ్గరున్న పచ్చ పేలికలన్నీ పోగేసి గేటంత తెర కుట్టాను. ఆకు ఆకుగా కత్తిరించి, ఒకదాని మీద ఒకటి ఎక్కించి, మధ్య మధ్య గులాబీ రంగు పూలు పెట్టి కుట్టాను. పద్దెనిమిది రోజులు పట్టింది. నా జన్మలో అంత శ్రద్ధగా ఏదీ కుట్టలేదు. వదిన నిద్రలో ఉండగా గేటుకు లోపలి వైపు కట్టాము. పొద్దున ఆమె వచ్చింది, నిలబడింది. నేనూ అన్నయ్యా మెట్ల మీంచి చూస్తున్నాము. ఒక ఆకు అంచు మీద వేలితో రాసి చూసి, "కుట్టు బాగుందమ్మా" అంది. తెర పక్కకు తప్పించి ఊచ పట్టుకుంది.

ఇక మిగిలింది చెట్టే. రోజూ దానికి నీళ్ళు పోశాను, పేడ ఎరువు వేశాను. నెలకు చిగురు వచ్చింది. వచ్చిన ప్రతి కొమ్మనూ అన్నయ్య గేటు మీదికి వంచితే నేను దారంతో కట్టేదాన్ని. ఒకప్పుడు నరకాలనిపించిన చెట్టును తొందరగా పెరగమని బతిమాలాను. పురపాలక సంఘం మనిషి మళ్ళీ వస్తే ఆయన మీద ఎలా పడ్డానంటే, పాపం, తెచ్చిన కాగితం నా మిషను మీదే మరిచిపోయి వెళ్ళాడు. చెట్టు మాత్రం నా కంగారుకు పెరుగుతుందా? ఆ ఏడు వానలకు గేటు సగం దాకా వచ్చింది. ఆమె మిగిలిన సగంలోంచి చేతులు చాచేది. రెండో ఏడు వానలు తగ్గేసరికి నీలం రంగు చుక్కంత కూడా కనపడకుండా మూసుకుపోయింది, మునుపటికంటే ఎక్కువ పూసింది.

అప్పటికి వదిన మంచం మీంచి లేవడం మానేసి మూడు నెలలైంది.

నేను వెళ్ళి పక్కన కూర్చునేదాన్ని. పూలు కోసుకెళ్ళి చేతిలో పెడితే వేళ్ళు ముడిచేది, గోరు మాత్రం ఆడేది కాదు. "ఎక్కడికమ్మా" అని ఒక్కసారి అడుగుతుందేమోనని ఎదురుచూసేదాన్ని. ఏ ఊరైనా చెప్పడానికి సిద్ధంగా ఉండేదాన్ని. ఆమె అడగలేదు.

ఒకరోజు ఉదయం ఎనిమిది గంటలకు అన్నయ్య వెనక సందులోంచి వచ్చి మా గుమ్మంలో నిలబడ్డాడు. తలుపు బాదలేదు. నేను మిషను ఆపి చూశాను. వదిన పోయిందని చెప్పక్కర్లేకుండానే తెలిసింది.

"కత్తెర పట్టుకుని రా చెల్లెమ్మా" అన్నాడు. "వ్యాను వాళ్ళు వచ్చారు. సందు మలుపులో స్ట్రెచరు తిరగదంటున్నారు."

నేను మేకుకున్న చెవి వైపు చూశాను.

"గేటు తియ్యాలమ్మా. నీ చెయ్యయితే తొందరగా అవుతుంది."

అప్పుడు ఎవరూ అడక్కుండా కోశాను. ఇప్పుడు ఆయన అడిగితే కోశాను. నేనే కట్టిన దారాలను ఒక్కొక్కటే తెంపాను. మా ఆయన కొమ్మలు లాగి పక్కన పడేశాడు. ఈసారి వాటిని లోపలికి జరగమనేవాళ్ళు లేరు. తాళం తుప్పు పట్టి బిగుసుకుపోయింది. మేకుకున్న చెవి తెచ్చి, నూనె వేసి, రెండు చేతులా తిప్పితే ఊడొచ్చింది. ఆమె ఏడాదికి పైగా నన్ను అడిగింది ఆ ఒక్క పనే. చేతిలో తాళం పట్టుకుని, వదినా తీశానే అని అక్కడే కూర్చుని ఏడ్చాను.

ఆమెను ఆ గేటులోంచే తీసుకెళ్ళారు. అన్నయ్య వ్యాను వెనక ఆమె పక్కన కూర్చున్నాడు. ముందు సీట్లో ఉన్న కుర్రవాడు ఇంజను వేసి, వెనక్కి తిరిగి, "కదలమంటారా?" అని అడిగాడు.

అన్నయ్య నోరు తెరిచాడు. ముప్పై ఏళ్ళలో ఆ మాట ఆయన ఎప్పుడూ చెప్పలేదు, ఆయనకు చెప్పేవాళ్ళుండేవారు. ఆ కుర్రవాడు మళ్ళీ అడిగాడు. అన్నయ్య నా వైపు చూశాడు.

"రైట్" అన్నాను.

వ్యాను వీధి మలుపు తిరిగాక గేటు వెయ్యడానికి లేచాను. చెయ్యి గడియ దాకా వెళ్ళి ఆగిపోయింది. తాళాన్ని కొంగున ముడేసుకుని, గేటు అలాగే తెరిచి ఉంచి ఇంటికొచ్చాను.